క్రీజు ఇడిసినోడు

2 ఆగస్టు 1982, సోమవారం

లేదు, నాకేం కోపం రాలే. గడ్డం పెట్టుకునెటోడు పెట్టుకోని, నాకేంది? నార గడ్డం మంచిగుంటదా, మేక వెంట్రుకలది మంచిగుంటదా అని పొద్దుగాల్నుంచి దుకాణంల గదే పంచాది. బిందెలు కొనేతందుకు వచ్చిన ఆడోళ్లు బయటనే నిలబడ్డరు. లోపట భాస్కర్ బావ అద్దం ముంగట నార కట్టుకొని మొఖం అటు తిప్పుతాండు, ఇటు తిప్పుతాండు.

మామ ఏమనడు. కొడుకాయె. గదే నేను ఒక్క గ్లాసు కింద పడేస్తె "ఏంరా సాంబా, కండ్లు నెత్తికెక్కినయా" అని మట్టెవాడ అంత ఇనవడేటట్టు ఒర్లుతడు.

బావ డిగ్రీ సదువుతాండు. ఏదో ఇంగ్లీషు పుస్తకం సదివిండంట. సరిగ్గ నూరేండ్ల కింద ఆగస్టు నెలల లండన్ల ఓవల్ అనే గ్రౌండుల ఇంగ్లండోళ్లు, ఆస్ట్రేలియోళ్లు టెస్టు మ్యాచ్ ఆడిండ్లంట. నూరేండ్లయింది గన్క గదే మ్యాచ్ ఇప్పుడు మనం ఆడాల్నంట. అప్పుడు ఎవడెట్ల అవుటయిండో ఇప్పుడు గట్లనే అవుటు గావాల్నంట.

గిది ఆటనా? సంవత్సరీకం.

5 ఆగస్టు

బావ కథ మొత్తం చెప్పిండు. నేను అడుగలే. నేను చింతపండు పెట్టి చెంబులు తోముతాన్న, ఆయన గద్దె మీద కూసోని చెప్పిండు.

ఇంగ్లండు టీముల గ్రేస్ అని ఒకడు. డాక్టరంట. బొడ్డుదాక గడ్డం. ప్రపంచంల అంత పెద్ద ఆటగాడు లేడంట. ఆస్ట్రేలియా టీముల స్పోఫర్త్ అని ఒక బౌలరు, ఆయనకు దయ్యం అని పేరు. మా పాలంపేటల దయ్యాలు మస్తున్నయ్, ఒక్కటన్న బాల్ ఏసినట్టు ఎవ్వలు చెప్పలే.

రెండో దినం ఆస్ట్రేలియా బ్యాటింగు. జోన్స్ అనే పోరడు ఆడుతాండు. రన్ను తీసిండు, క్రీజుల చేరిండు. ఇగ అయిపోయిందనుకొని పిచ్ మీద మన్ను లేసిందని చదును చేసేతందుకు క్రీజు ఇడిసి బయటికి పోయిండు. గంతె. గడ్డం డాక్టరు బాల్ తీస్కొని వికెట్లు పడగొట్టిండు. అవుటయ్యిండు. ఆరు రన్లకు.

"తప్పేం లేదు రా, రూల్ల ఉన్నది" అన్నడు బావ.

గది చూసి దయ్యానికి కోపమొచ్చింది. ఇంగ్లండుకు 85 కావాలె. దయ్యం కోపంతోని బౌలింగ్ చేసి అందర్ని లేపేసిండు. 77కే ఖతం. ఏడు రన్లతోని ఓడిపోయిండ్లు. చూసేతందుకు వచ్చినోళ్లల్ల ఒకడు గుండె ఆగి సచ్చిపోయిండంట, ఇంకొకడు టెన్షన్ల గొడుగు కర్ర కొరికిండంట. పేపరోడు ఇంగ్లండు క్రికెట్టు సచ్చిపోయింది, శవాన్ని కాలవెట్టి బూడిద ఆస్ట్రేలియాకు కొంచవోతరు అని రాసిండంట.

నాకు అందరికన్న జోన్స్ గాడే పిచ్చోడనిపిచ్చిండు. మన్ను లేస్తె నీకేందిరా? నీ అయ్య పొలమా? క్రీజుల నిలబడక.

6 ఆగస్టు

మామ మళ్ల అన్నడు. దసరా దాటినంక పాలంపేట పో అని. గిరాకీ వస్తె నోరు తెరువనోడు దుకాణంల ఎందుకు అని.

8 ఆగస్టు, ఆదివారం

సారంగపాణి సేటు ఇంట్ల మీటింగు. మిరపకాయల సేటు ఆయన. పైసలు ఆయనయే, గన్క అంపైరు గూడ ఆయనే. మ్యాచ్ 29 తారీకు నాడు. రెండో దినం ఆట ఒక్కటే ఆడుడు. మట్టెవాడ దుకాణాలోళ్లు ఆస్ట్రేలియా, గింజల మార్కెటోళ్లు ఇంగ్లండు. మా బావ మట్టెవాడోడే గని గ్రేస్ గడ్డం కోసం ఇంగ్లండుకు పోయిండు.

ఆస్ట్రేలియా ఎన్ని కొట్టినా సరే, ఇంగ్లండుకు 85 అని ముందుగాలనే రాసిపెట్టిండ్లు. గింజల మార్కెట్ల బస్తాలు మోసే ఉప్పలయ్య అడిగిండు, "సేటూ, గట్లయితె ఆళ్లు ఆడుడెందుకు?" అని. సేటు అన్నడు, "ఉప్పలయ్యా, నువ్వు ఇంగ్లండు టీముల ఆఖరికొచ్చే పీట్ అనేటోనివి. ఆఖరికి మాట్లాడు."

అందరు నవ్విండ్లు. నేను గూడ నవ్విన. నవ్వకపోతె మంచిగుండది.

పేర్లు పంచిండ్లు. బావ నా దిక్కు చూసి, "సాంబడు జోన్స్. వీడు మాట్లాడడు, చెప్పినట్టు అవుటయితడు" అన్నడు.

రెండేండ్లసంది ఈ టీముల ఉన్న. బాల్ మోరిల పడ్డప్పుడు తీసుడు నా పని. బ్యాటు ఒక్కసారియ్యలే. ఇచ్చినప్పుడు గిట్లిచ్చిండ్లు.

నాకేం ఫికర్ లేదు.

12 ఆగస్టు

పాత బిందెలు పదిహేను వచ్చినయ్ మార్పిడికి. అన్ని సొట్టలే. కట్టె సుత్తితోని లోపటినుంచి కొట్టుకుంట పోవాలె, వేలు పెట్టి చూసుకుంట. కండ్లకు కనవడది, వేలికి తెలుస్తది. గీ పని నాకు మంచిగొస్తది. గిరాకీతోని మాట్లాడుడే రాదు. ఒకామె "జర తగ్గియ్యి బిడ్డా" అంటది, నేను బిందె తుడుసుకుంట ఉంట. మామ చూస్తాంటడు.

15 ఆగస్టు

వీరభద్రం సార్ వస్తాండంట మ్యాచ్ చూసేతందుకు. నూలు మిల్లు టీముకు ఆయనే పెద్ద. మంచిగ ఆడినోళ్లను టీములకు తీస్కొని మిల్లుల పనిస్తరంట. పోయినేడు ఒకన్ని గట్లనే తీస్కున్నరంట.

వస్తె రాని. నాకేంది.

మిల్లుల పని చేసెటోడు పాలంపేట పోవుడుండది. అవ్వ నాట్లకు కూలి పోతాంది గని నన్ను పోనియ్యలే. "మా అన్న దగ్గరుండు, దుకాణం పని నేర్సుకో, బురదల దిగకు" అని పంపింది. మళ్ల పోయి ఆమె పక్కపొంటి వంగి నాటేస్తె ఏమనుకుంటది?

16 ఆగస్టు

తెల్ల అంగి పిండిన.

17 ఆగస్టు

మళ్ల పిండిన. ఇత్తడి మరక పోతలేదు. ఊకె పిండిన, మ్యాచ్ కోసం కాదు.

22 ఆగస్టు

వినాయక చవితి. మండపంల మైకు పెట్టిండ్లు. 29 నాడు మధ్యాహ్నం వినాయకునికి రెస్టు, మైకు గ్రౌండుకు వస్తదంట. మామ ఇత్తడి చెంబు ఒకటి చందా ఇచ్చిండు. వికెట్ల కట్టెలు కాలవెట్టి దాంట్ల బూడిద పోసి గెలిచినోళ్లకిస్తరంట. చెంబు మీద దుకాణం పేరు పెద్దగ చెక్కిచ్చిండు. "బూడిద ఎవ్వలు చూడరు, పేరు చూస్తరు" అంటాండు.

25 ఆగస్టు

బావ నాకు అవుటయ్యుడు నేర్పిచ్చిండు. గదొక్కటే నేర్పిచ్చిండు.

"రన్ను తియ్యాలె, క్రీజుల బ్యాటు పెట్టాలె, మళ్ల మెల్లగ నడుసుకుంట బయటికి రావాలె. నడుము వంచాలె. మొఖం మీద కొద్దిగ అమాయకం ఉండాలె. అది నీకున్నది."

నాలుగుసార్లు చేపిచ్చిండు. నాలుగుసార్లు వికెట్లు పడగొట్టి గడ్డం నిమురుకున్నడు. ఉప్పలయ్య మిరపకాయల బస్తా మీద కూసోని చూసుకుంట బీడీ తాగుతాండు.

"సాంబన్నా, కావాలని అవుటయ్యుడు గూడ నేర్సుకుంటరా? నాకైతె ఊకెనే వస్తది" అన్నడు.

నేను ఒకటి అనుకున్న. ఎవ్వలకు చెప్పలే. రాస్తాన్న. ఆరు కొట్టినంక నేను క్రీజు ఇడువ. బావ బాల్ పట్టుకొని పొద్దుమూకేదాక నిలబడని. వీరభద్రం సార్ చూస్తాంటె ఆడుకుంటనే ఉంట.

28 ఆగస్టు

వాన. అప్పుడు గూడ గిట్లనే వాన పడ్డదని బావ సంబురపడుతాండు.

29 ఆగస్టు, ఆదివారం

మెల్లగ రాస్త.

గ్రౌండంత బురద. నడిమిట్ల పిచ్ మీద రంపపు పొట్టు పోసిండ్లు. జనం మస్తు వచ్చిండ్లు, మండపం కాడికి వచ్చినోళ్లంత మైకు యెనుక వచ్చిండ్లు. వీరభద్రం సార్ కుర్చీల కూసున్నడు. సన్నటోడు, నల్ల కండ్లద్దాలు. మామ ఆయన పక్కన్నే కూసోని చెంబు చూపెడుతాండు.

నేను పోయిన. మొదటి బాల్ కనవడలే, తగిలింది, రెండు రన్లొచ్చినయ్. ఇంకో రెండు. ఇంకో రెండు. ఆరు.

మైకుల పోరడు, "ఇప్పుడు జోన్స్ అవుటయ్యె టైమైంది, అందరు శ్రద్ధగ చూడండ్రి" అన్నడు.

నేను బ్యాటు క్రీజుల పెట్టి నిలబడ్డ.

బావ బాల్ పట్టుకొని పక్కపొంటి వచ్చిండు. "పోరా" అన్నడు మెల్లగ.

నేను కదల్లే.

"ఏ, మరిచిపోయినవా? బయటికి పో. నడుము వంచు."

జనం గూడ షురూ చేసిండ్లు. "పో జోన్స్! పో జోన్స్!" మామ కుర్చీలకెళ్లి లేసి చెయ్యి ఊపుతాండు. సారంగపాణి సేటు ఏలు ముందుగాలనే సగం లేపి పెట్టుకున్నడు. నేను కింద చూసుకుంట నిలబడ్డ. చెవులు కాలుతానయ్. ఇగ ఏడుస్తనేమో అనుకున్న.

అప్పుడు బావ గడ్డం జర కిందికి గుంజి, నా చెవు కాడ అన్నడు, "సరే తీయ్. ఆడుకో పో. నేనేమన. నిజంగనే ఆడు." అని బాల్ బౌలరుకు ఇసిరేసిండు.

నమ్మిన.

ఇగ ఆడిన. ఎట్ల ఆడిన్నో నాకే తెల్వది. ఒకటి మోరి దాటింది, గిప్పటిదాక ఆ మోరిలకెళ్లి బాల్ తీసుడే గని దాటిచ్చుడు నాకు తెల్వది. జనం నోరు మూసుకున్నరు, మళ్ల ఒక్కపారి లొల్లి పెట్టిండ్లు. వీరభద్రం సార్ కండ్లద్దాలు తీసిండు. అది చూసిన. పదిహేడు అయినయ్ నాయి.

అప్పుడొక బాల్ మామూలుగ పడ్డది గని మొఖం మీదికి లేసింది. గదువ పక్కపొంటి పోయింది. బ్యాటు అంచుకు తగిలి అవతలికి పోతె రెండు రన్లు ఉరికిన. క్రీజుల చేరిన. చేరిన, గది పక్కా.

పిచ్ మీద బాల్ పడ్డ జాగల మన్ను లేసింది. సొట్ట లెక్క. నేనేం అనుకోలే. జోన్స్ యాదికి లేడు, బావ యాదికి లేడు, మిల్లు యాదికి లేదు. పోయిన. నడుము వంచిన. ఏలు పెట్టి చూసిన, ఎత్తు ఎక్కడున్నదో. అరచెయ్యితోని ఒత్తిన.

టక్కుమన్నది.

తిరిగి చూసిన. వికెట్లు పడున్నయ్. బావ గడ్డం నిమురుకుంటాండు. సేటు ఏలు పూర్తిగ లేపిండు. మైకుల పోరడు "జర లేటయింది గని, జోన్స్ అవుట్! ఏం యాక్టింగండీ! చప్పట్లు!" అన్నడు.

గంత చప్పట్లు నా బతుకుల ఇనలే. ఒక ముసలమ్మ అయితె కండ్లు తుడుసుకున్నది.

'నువ్వు ఆడుకో అన్నవు గద బావా' అన్న. అన్ననా? నోట్లకెళ్లి రాలే. లోపటనే అన్న. ఆయన మాత్రం నేను అడిగినట్టే జవాబు చెప్పిండు, "రూల్ల ఉన్నది రా. గ్రేస్ గూడ గిట్లనే చేసిండు."

అప్పుడు దయ్యానికి కోపమొచ్చి మ్యాచ్ గెలిపిచ్చిండు. నాకు కోపమొచ్చి ఏం లాభం? నాకు బౌలింగ్ రాదు. బౌండ్రి కాడ నిలబడి బురద చూసుకుంట ఉన్న.

ఇంగ్లండు బ్యాటింగు. బావ 32 కొట్టి, పుస్తకంల 32 అనే ఉన్నదని తనంత తానే అవుటయి గడ్డం చేతుల పట్టుకొని పోయిండు. ఆయనకు గ్రేస్ ఎన్ని కొట్టిండో అన్ని కొడితె సాలు. మిగిలినోళ్లు గూడ సేటు సైగ చేసినకొద్ది అవుటయిండ్లు. ఒకడు బ్యాటు ఇంటికాడ మరిచిపోయినట్టు చేతులు లేపి బోల్డయిండు. 77. ఉప్పలయ్య వచ్చిండు ఆఖరికి. అవతల గింజల మార్కెటు పోరడు, వాడు స్టడ్. నిజం స్టడ్ మస్తు ఆడెటోడంట గని గా దినం ఒక్క బాల్ గూడ ఆడకుంటనే మ్యాచ్ అయిపోయిందంట. స్టడ్ మీద నమ్మకం లేక పీట్ తనే గుడ్డిగ ఊపి బోల్డయిండంట.

సేటు ఉప్పలయ్య కాడికి పోయిండు. "ఊపు, బోల్డు గా. ఏడు రన్లతోని ఓడాలె."

ఉప్పలయ్య బ్యాటు భుజం మీద బస్తా లెక్క పెట్టుకున్నడు. "సేటూ, మొయ్యమంటె మోస్త, దించమంటె దించుత. అవుటు గమ్మంటె గాను. అది నా కూలిల లేదు."

రెండు బాల్లు. రెండు ఫోర్లు. రెండోది పోయి వినాయకుని మైకు డబ్బాకు తగిలింది. మైకుల పోరడు "ఇంగ్లండు గెలిచింది... అంటె నిజానికి ఆస్ట్రేలియా గెలిచింది..." అని ఆగిపోయిండు. స్టడ్ పోరడు మాత్రం ఒక్క బాల్ గూడ ఆడలే. గదొక్కటే సక్కగ జరిగింది.

సేటు చెంబు ఆస్ట్రేలియాకే ఇచ్చిండు. ఓడినోళ్లకు. మామ చెంబు మళ్ల మామ చేతికే వచ్చింది. ఫోటో దిగిండు. ఫోటోల నవ్వినోడు ఆయనొక్కడే.

30 ఆగస్టు

గల్లీల పోరగాండ్లు "జోన్స్ మామా" అంటాండ్లు.

1 సెప్టెంబరు

సారంగపాణి సేటు దుకాణానికి వచ్చి మామతోని అన్నడు, "మీ పోరడు ముందుగాల జర మొండికేసిండు గని వెంకట్రాజం, మళ్ల మన మాట నిలవెట్టిండు. బుద్ధిమంతుడు."

మామ పొంగిపోయిండు. పొద్దటిసంది వచ్చిన ప్రతి గిరాకీకి గదే చెప్తాండు. మా మేనల్లుడు మంచిగ ఆడుకుంట ఉండి గూడ పెద్దోళ్ల మాట కోసం అవుటయిండు అని. తిండి కాడ అన్నడు, "దసరాకు ఎక్కడికి పోవుడు లేదు. ఈడనే ఉండు. నోరు లేకపోతె ఏంది, మాట వింటవు."

అత్తమ్మ ఇంకో ముద్ద నెయ్యి ఏసింది.

నేను చెప్పలే, నేను మాట వినలేదని. చెప్పి ఏం జేస్త? ఉంటె ఉన్న. అవ్వ సంబురపడుతది. నాకు గిదే కావాలె గద.

2 సెప్టెంబరు

గిదే కావాలె.

4 సెప్టెంబరు, శనివారం

వీరభద్రం సార్ దుకాణానికి వచ్చిండు. బిందె కోసమనుకున్న. బిందె దిక్కు చూడలే.

"మొన్న జోన్స్ నువ్వే గద?"

తల ఊపిన.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు. నువ్వు కావాలని బయటికి పోయినవా, మరిచిపోయి పోయినవా?"

మామ నడిమిట్ల అందుకున్నడు. "కావాలనే సార్. మావోడు చెప్పినట్టు వింటడు. సేటు మాట కోసం..."

"నిన్నడుగలే వెంకట్రాజం, పోరన్ని అడుగుతాన్న. ఎవరో చెప్పిండ్లని అవుటయ్యెటోడు నా టీముకు వద్దు. ఉప్పలయ్యను తీస్కున్న. ఇంకొకడు కావాలె."

దుకాణంల గిరాకీ ఉన్నరు. బావ గూడ గద్దె మీదున్నడు, గడ్డం లేకుంట చిన్న పోరని లెక్క. మామ నా దిక్కు చూస్తాండు. ఎప్పటి లెక్కనే బిందె తుడుసుకుంట ఉన్న. 'కావాలనే' అంటె అయిపోతది, తల ఊపినా అయిపోతది.

"కావాలని కాదు సార్" అన్న.

నా గొంతు నాకే కొత్తగ ఇనవడ్డది.

"ఆడుదామనే ఉండె. మాట వినద్దనే అనుకున్న. మన్ను సొట్టవడ్డది, చెయ్యి ఊకుండలే. పోయిన. నిజంగనే అవుటయిన."

బావ పక్కున నవ్విండు. ఒక గిరాకీ ఆమె గూడ నవ్వింది. వీరభద్రం సార్ నవ్వలే. "రేపు ఆదివారం పొద్దుగాల మిల్లు గ్రౌండుకు రా. తీస్కుంటనని చెప్తలేను. చూస్త" అన్నడు. పోయిండు.

మామ గిరాకీ పోయేదాక ఆగిండు. కోపంతోని ఒర్లలే, గదే నాకు భయమయింది. మెల్లగ అన్నడు, "ఊరంత చెప్పిన. నా మొఖం మీద ఉమ్మినట్టు చేసినవ్. రేపు ఆ గ్రౌండుకు పోతె మళ్ల నా ఇంటికి రాకు. అటునుంచి అటే ములుగు బస్సెక్కి మీ అవ్వ దగ్గరికి పో."

5 సెప్టెంబరు, ఆదివారం, పొద్దుగాల

తెల్లంగి ఏసుకున్న. మరక అట్లనే ఉన్నది.

పోతె, సార్ తీస్కోకపోతె, బురదలకే. పోకపోతె గీ దుకాణంల ముసలోన్నయ్యేదాక మాట వినెటోన్ని. అత్తమ్మ పొయ్యి కాడ ఊకె గిన్నెలు చప్పుడు చేస్తాంది, నా దిక్కు చూస్తలేదు.

ఇందాక బావ పైకొచ్చిండు. మంచం మీద కూసున్నడు. నా బ్యాటింగు మంచిగున్నదన్నడు, పంతొమ్మిది మామూలు కాదన్నడు. గ్రేస్ సంగతి తియ్యలే.

"నువ్వు పో రా" అన్నడు. "బాపుకు నేను చెప్త. నేను చెప్తె వింటడు. సార్ తీస్కోకపోతె సక్కగ ఇంటికి రా, నిన్నెవ్వలు ఏమనరు. నాది పూచీ."

"నిజంగనా బావా?" అన్న. గీసారి బయటికే అన్న.

"నిజంగనే" అని భుజం మీద చెయ్యేసిండు.

ఇప్పుడు కింద మామతోని మాట్లాడుతాండు. ఏం మాట్లాడుతాండో ఇనవస్తలేదు. ఒకసారి మామ నవ్విండు, ఒకసారి ఆయన నవ్విండు. నేను చెప్పులేసుకొని మెట్ల మీద కూసోని రాస్తాన్న.

ఒకసారి నమ్మిన. నువ్వయితె రెండోసారి నమ్ముతవా?